పాత మారుతి 800: చాబీ తిరగడానికి మొరాయిస్తున్నది, సెల్ఫ్ కొట్టినంక వెనక్కి వస్తలేదు

హన్మకొండ_కార్బ్

అందరికి నమస్తే. బండి 1997 మారుతి 800, కార్బురేటర్‌ది. ఇగ్నిషన్ లాక్ రెండు తీర్ల సతాయిస్తున్నది. పొద్దున మొదటిసారి చాబీ పెడితే ‘లాక్’ అనే గుర్తు కాడి నుంచి కదలదు, అటిటు ఆడిస్తే టక్కుమని తిరుగుతది. ఇంకోటి, సెల్ఫ్ కొట్టి చాబీ వదిలితే తనంతట తాను ఆన్‌కు వస్తలేదు, చేత్తోటి వెనక్కి తిప్పాలె. తిప్పకుంటే ఇంజిన్ అందుకున్నంక కూడ సెల్ఫ్ గుయ్యిమంటనే ఉంటది. లోపట ఎవరో నూనె పోసినట్టున్నది, చాబీ గుంజితే నల్లటి జిడ్డు అంటుకోని వస్తది. మొత్తం లాక్ సెట్టే మార్చాలె అంటున్నరు. మార్చకుండ బాగయితదా? మార్చుడే అయితే ఏది మార్చాలె?

తాళాల_పని

అన్నా, సెట్ కొనే ముచ్చట జర పక్కకు పెట్టుండ్రి. మీరు చెప్పిన రెండూ రెండు వేరే జాగల నుంచి వస్తుండొచ్చు.

ఇగ్నిషన్ లాక్ అని ఒక్క పేరుతోటి పిలుస్తం గని అండ్ల మూడు భాగాలున్నయి. ముందల చాబీ దూరే సిలిండర్. దానెనుక స్టీరింగ్ రాడ్డు గాడిలకు దిగే లాక్ కడ్డీ. అన్నిటికన్న ఎనుక వైర్లున్న కరెంటు స్విచ్. చాబీ తిప్పితే మూడూ కలిసి కదలాలె. ఏది పట్టుకున్నా మన వేళ్లకు మాత్రం ఒక్కతీరుగనే, లాక్ టైటున్నది అనే తెలుస్తది. అందుకే ఎంత టైటున్నదో కాదు, ఏ జాగల టైటున్నదో చూడాలె.

చాబీ పూర్తిగ లోపటికే పోకుంటే దుమ్మో, వంగిన చాబీయో, ఇరిగిన స్ప్రింగో అడ్డమున్నట్టు. పూర్తిగ పోయి, లాక్ కాడి నుంచి కదలకుంటే రెండే కారణాలు: స్టీరింగ్ కడ్డీ మీద ఒత్తిడి పడ్డది, లేకుంటే చాబీకి సిలిండర్ లోపలి సన్న ఇత్తడి రేకులకు పొత్తు కుదురుతలేదు. లాక్ దాటి వచ్చి నడిమిట్ల పడుతుంటే సిలిండర్‌ల మురికి, లేదా ఎనుక స్విచ్. స్టార్ట్ కాడికి పోయి తిరిగి రాకుంటే ఎక్కువసార్లు ఎనుక స్విచ్చే, కాకుంటే జిడ్డుతోటి బరువెక్కిన సిలిండర్‌ను స్ప్రింగ్ గుంజలేకపోతున్నట్టు.

మొదటిది తేల్చుడు సులువు. రాత్రి బండి పెట్టేటప్పుడు చక్రాలు సీదా ఉంచుండ్రి, చాబీ తీసినంక స్టీరింగ్ కదిలించకుండ్రి. పొద్దున చాబీ మెత్తగ తిరిగితే లోపం సిలిండర్‌ది కాదు, కడ్డీది. అరుగుకో గడ్డకో చక్రం ఆనించి పెడితే స్టీరింగ్ ఎనుకకు తన్ని కడ్డీని గాడి గోడకు అదుముతది. అసుంటప్పుడు చాబీ మీద బలం పెట్టొద్దు. ఎడమ చేత్తోటి స్టీరింగ్‌ను ఏ దిక్కు కొంచెం సందు ఇస్తుందో ఆ దిక్కు పట్టి, కుడి చేత్తోటి చాబీని రెండు వేళ్లతోనే తిప్పాలె. చాబీని మెలిపెట్టి తిప్పితే ఇరిగి సగం లోపటనే ఉంటది.

వైరింగ్_కాజీపేట

పైన చెప్పినదంతా సరైనదే. ముందు ఒక విషయం: సెల్ఫ్ వదలకపోవడాన్ని వాయిదా వేయకండి. ఇంజిన్ అందుకున్నాక కూడా సెల్ఫ్‌కు కరెంటు పోతుంటే పినియన్ (సెల్ఫ్ మోటార్ చివర ఉండే చిన్న పళ్ల చక్రం) ఇంజిన్‌కున్న పెద్ద చక్రం ఫ్లైవీల్ పళ్లలోనే ఉండిపోతుంది. పినియన్‌లో ఒకవైపే పట్టే క్లచ్ ఉంటుంది కాబట్టి వెంటనే పగలదు. అయితే ఆ క్లచ్ అరిగి జారడం మొదలవుతుంది, మోటార్ వేడెక్కి వైండింగ్ మాడుతుంది. స్విచ్ పోయేది పోయి సెల్ఫ్ మోటార్‌కు చుట్టుకుంటుంది.

తేల్చుకునే పద్ధతి ఒకటి ఉంది. చాబీ స్టార్ట్‌లో ఉన్నంతసేపు వైపరుకు, రేడియోకు కరెంటు ఆగుతుంది, ఆన్‌కు రాగానే తిరిగి వస్తుంది. ఇంజిన్ అందుకున్నాక సెల్ఫ్ చప్పుడు ఆగిపోయింది గానీ వైపర్ కదలడం లేదంటే చాబీ సగం దారిలో ఆగిందని అర్థం. వేలితో కొంచెం వెనక్కి తడితే వైపర్ లేస్తుంది. అలా అయితే స్ప్రింగ్ నీరసంగా ఉంది, లేదా దారిలో రాపిడి ఎక్కువ ఉంది.

సిలిండర్‌దా స్విచ్‌దా అన్నది కచ్చితంగా తేలాలంటే రెండింటినీ విడదీసి చూడాలి. బ్యాటరీ మైనస్ టెర్మినల్‌ను 10 నంబర్ పానాతో విప్పండి. స్టీరింగ్ కింది ప్లాస్టిక్ కవర్ స్క్రూలు తీసి కవర్ దించండి. లాక్ బాడీ వెనక వైర్ల గుత్తి వచ్చే గుండ్రటి ప్లాస్టిక్ ముక్కే స్విచ్. దాన్ని పట్టి ఉంచే చిన్న స్క్రూ తీస్తే స్విచ్ వైర్లతో సహా వెనక్కి వస్తుంది. దాని మధ్యలో ఒక గాడి, లాక్ వైపు ఆ గాడిలో కూర్చునే నాలుక కనిపిస్తాయి. తీసే ముందు గాడి ఏ కోణంలో ఉందో ఫోన్‌తో ఫోటో తీసుకోండి.

ఇప్పుడు చాబీ పెట్టి సిలిండర్‌ను ఒంటరిగా తిప్పండి. తర్వాత చదును స్క్రూడ్రైవర్‌తో స్విచ్ గాడిని ఒంటరిగా తిప్పండి. ఏది బిగుసుకుందో చేతికే తెలుస్తుంది. స్క్రూడ్రైవర్‌ను స్టార్ట్ దాకా తిప్పి వదిలితే గాడి ఠక్కున వెనక్కి రావాలి. కొన్ని లాకుల్లో ఆ వెనక్కి తెచ్చే స్ప్రింగ్ స్విచ్‌లో ఉంటుంది, కొన్నిట్లో లాక్ బాడీలో ఉంటుంది. రెండింట్లో ఏది వెనక్కి రావాల్సి ఉండీ రావడం లేదో చూడండి.

ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండి ఎవరిదైనా అయితే ఈ పని ఇలా మొదలుపెట్టవద్దు. బ్యాటరీ తీసి, ఆ బండి మాన్యువల్ చెప్పినంతసేపు ఆగాకే స్టీరింగ్ దగ్గర చేయి పెట్టాలి. 800లో ఆ బాధ లేదు.

జమ్మికుంట_పత్తి

ఇంత ఎందుకు? డబ్ల్యూడీ-40 రెండుసార్లు కొడితే సాఫైతది. మార్కెట్‌ల ట్రాలీ బండ్లకు అందరు అదే కొడతరు.

తాళాల_పని

తమ్మీ, అది కడిగేతందుకు మంచిది, నడిపేతందుకు కాదు. కొట్టినంక మురికి కరుగుతది, చాబీ మెత్తగ తిరుగుతది. కొన్ని రోజులకు పలచటి భాగం ఆరిపోయి సన్నటి నూనె పొర మిగులుతది, దానికి దుమ్ము అతుక్కుంటది. జమ్మికుంట, ఎనుమాముల మార్కెట్ల తిరిగే బండ్లకు దుమ్ముతోటి పాటు పత్తి నూగు గూడ ఉంటది. నూగు నూనెల నాని రేకుల సందుల వత్తి లెక్క చుట్టుకుంటది. మళ్ల టైటు, మళ్ల స్ప్రే.

ఇంకో అలవాటు ఉన్నది, ఇంట్ల దొరుకుతది గదా అని కొబ్బరినూనె పోసుడు. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతది. డిసెంబర్, జనవరి పొద్దుగాల మన దిక్కు వేడి దానికన్న శాన కిందికి పోతది. సిలిండర్ లోపట రేకులు గడ్డ నూనెల ఇరుక్కుంటయి, ఎండ ఎక్కినంక మళ్ల కదులుతయి. పొద్దున మాత్రమే సతాయించే లాకుల్లో ఈ అనుమానం తప్పకుండ పెట్టుకోవాలె. గిరీసు, ఇంజిన్ ఆయిల్ కూడ అంతే, చిక్కగున్న ఏ నూనె అయినా రేకుల స్ప్రింగులకు బరువే.

లోపట ఏం నడుస్తదో తెలిస్తే నూనె ఎందుకు వద్దో అర్థమైతది. సిలిండర్ అడ్డంగ కోసినట్టు వరుసగ సన్న గాళ్లుంటయి. ఒక్కో గాడిల ఒక్కో ఇత్తడి రేకు, దాని పక్కన వెంట్రుక లాంటి స్ప్రింగ్. చాబీ లేనప్పుడు స్ప్రింగ్ రేకును బయటికి నెట్టి బాడీ గాడిలకు దించుతది, సిలిండర్ తిరగదు. సరైన చాబీ పెడితే రేకులన్ని సిలిండర్ అంచుకు సమానంగ వస్తయి. ఒక్క రేకు పైకి ఉన్నా కిందికి ఉన్నా తిరగదు. రేకు తన గాడిల తేలిగ్గ ఆడాలె, స్ప్రింగ్‌కు ఉన్న బలం అంతే.

భూపాలపల్లి_డీజిల్

దుమ్ము కూడ అన్ని ఊర్లల ఒక్కటి కాదు. బొగ్గు దుమ్ము మెత్తగ ఉంటది, నూనె తాకితే కాటుక లెక్క అయితది. అది కడిగితే పోతది. కరీంనగర్ దిక్కు గ్రానైట్ దుమ్ముల క్వార్ట్జ్ ఉంటది, అది ఇత్తడి కన్న గట్టిది. నూనెతోటి కలిస్తే సానరాయి పని చేస్తది, చాబీ పెట్టిన ప్రతిసారి రేకు అంచు కొంచెం కొంచెం పోతది. క్వారీ రోడ్ల మీద తిరిగే బండ్ల లాకుల నూనె అస్సలే పోయొద్దు. మేడారం దిక్కు మట్టి రోడ్ల మీద పోయొచ్చినంక కూడ చాబీ పెట్టే ముందు గాలి కొట్టి దుమ్ము తీసుడు మంచిది.

హన్మకొండ_కార్బ్

కాజీపేట అన్న చెప్పినట్టు విడదీసి చూసిన. స్విచ్ ఒంటరిగ తిప్పితే ఆన్ దాక మంచిగ వస్తున్నది, స్టార్ట్ నుంచి వెనక్కి వచ్చేటప్పుడు సగంల నిలబడుతున్నది. సిలిండర్ ఒంటరిగ అయితే లాక్ కాడ ముందటి లెక్కనే పడుతున్నది, దాటినంక తేలిగ్గ తిరుగుతున్నది. చక్రాలు సీదా పెట్టి చూసినా పొద్దున అదే కథ. అంటే కడ్డీ కాదు, సిలిండర్ ఒకటి, స్విచ్ ఒకటి అనుకోవాల్నా?

వైరింగ్_కాజీపేట

అవును, రెండూ వేరు వేరు లోపాలే. స్విచ్ స్టార్ట్ నుంచి సగంలో నిలబడుతోందంటే లోపలి స్ప్రింగ్ నీరసపడింది, లేదా కాంటాక్ట్ రాగి బిళ్ల మాడి గరుకు తేలింది. స్విచ్ ముక్క విడిగా దొరికితే మార్చేయండి. విప్పి ఎమరీ కాగితంతో రుద్ది మళ్లీ బిగించడం నేను సలహా ఇవ్వను. కాంటాక్టుల మీది పలచటి పూత పోతే మళ్లీ తొందరగా మాడుతుంది, పాత ప్లాస్టిక్ కొక్కేలు ఒకసారి విప్పితే పెళుసుగా విరుగుతాయి. కొనేటప్పుడు కార్బురేటర్ బండిదా, ఎంపీఎఫ్ఐ (ఇంజెక్టర్లతో పెట్రోల్ పంపే) బండిదా అన్నది చెప్పండి. పాత స్విచ్‌ను చేతిలో పట్టుకునే వెళ్లండి, వైర్ల రంగులు, కప్లర్‌లో పిన్నుల వరుస పక్కపక్కన పెట్టి పోల్చుకోండి.

సిలిండర్ సంగతి తాళాల అన్న చెప్తారు.

తాళాల_పని

సిలిండర్‌కు ముందుగాల చాబీని అనుమానించుండ్రి. బండితోటి వచ్చిన రెండో చాబీ వాడకుండ ఉన్నదా? ఉంటే అది పెట్టి చూడుండ్రి. దాంతోటి మెత్తగ తిరిగితే లాక్ మంచిదే, రోజు వాడే చాబీ అరిగింది. వెర్నియర్ (సన్న కొలతలు తీసే పరికరం) ఉంటే రెండు చాబీల పళ్ల కాడ ఒక్కో చోట వెడల్పు కొలిచి పోల్చుండ్రి. రేకు రేకుకు మధ్య ఎత్తు తేడానే శాన చిన్నగ ఉంటది, అండ్ల సగం అరిగినా పొత్తు తప్పుతది.

చాబీ అరిగిందని తెలిసినంక అరిగిన చాబీకే డూప్లికేట్ కొట్టిస్తరు చాలమంది. మిషిన్ ఉన్నదున్నట్టు కోస్తది, అరుగుదల కూడ అట్లనే దిగుతది, దానికితోడు కోతల తేడా కలుస్తది. వాడని చాబీ నుంచి కొట్టియ్యాలె. అది లేకుంటే చాబీతోటి వచ్చిన నంబర్ బిళ్లనో, చాబీ మీద చెక్కిన నంబరో ఉంటే దాన్నిబట్టి కొత్త కోతలు కోయిపియ్యాలె. వాడని చాబీని రోజు వాడకానికి దించకుండ్రి, నకలుకు తల్లి చాబీ లెక్క దాచుకోండ్రి. బండి పోయినప్పుడు బీమా వాళ్లు రెండు చాబీలు అడుగుతరు, ఆ లెక్కన కూడ అది ఇంట్ల ఉండాలె.

ఇప్పుడు కడుగుడు. మీ లాకుల పాత నూనె ఉన్నది, అది పోకుండ పైన ఏం వేసినా లాభం లేదు. బ్యాటరీ మైనస్ తీసి ఉండాలె, అద్దాలు దించి ఉండాలె, దగ్గర బీడీ సిగరెట్ ఉండొద్దు. ఎనుక స్విచ్ ఎట్లాగు విప్పిండ్రు కాబట్టి దాన్ని పక్కకు జరిపి గుడ్డ కప్పుండ్రి, లేకుంటే కరిగిన జిడ్డంత పోయి కాంటాక్టుల మీద పడుతది. కరెంటు కాంటాక్ట్ క్లీనర్ డబ్బా, సన్న గొట్టం ఉన్నది తీసుకోండ్రి. చాబీ రంధ్రంల గొట్టం పెట్టి ఒక్క సెకను చొప్పున రెండుమూడు సార్లు కొట్టుండ్రి. చాబీని లోపటికి బయటికి ఇరవై ముప్పై సార్లు ఆడించుండ్రి, తీసిన ప్రతిసారి తెల్ల గుడ్డకు తుడువుండ్రి. గుడ్డకు నలుపు అంటుకునుడు బందయ్యేదాక ఇదే పని. నూనె పోసిన లాకుకు సగం డబ్బా పట్టినా ఆశ్చర్యం లేదు. కడిగినంక అరగంట ఆరనియ్యాలె, గాలి మిషిన్ ఉంటే రెండు ఊపుల గాలి కొట్టాలె.

ఆరినంక గ్రాఫైట్ పొడి. చాబీ పళ్ల మీద చిటికెడు రాసి లోపటికి పెట్టి తీయుండ్రి, పది సార్లు ఆడించుండ్రి, మిగిలింది తుడిచేయుండ్రి. అంతే. గ్రాఫైట్‌ల కరెంటు పారుతది. సీసా మొత్తం ఊదితే పొడి ఎనుక స్విచ్ దాక పోయి కాంటాక్టుల నడుమ కూసుంటది.

జమ్మికుంట_పత్తి

గ్రాఫైట్ పొడి దొరకకుంటే పెన్సిల్ ముల్లు గీకి వేయొచ్చా?

తాళాల_పని

అత్యవసరానికి వేయొచ్చు. పెన్సిల్ ముల్లుల గ్రాఫైట్‌తోటి పాటు మట్టి కలిపి ఉంటది, గట్టి పెన్సిళ్లల మట్టి పాలు ఎక్కువ. 6బి, 8బి అని బొమ్మలు గీసే మెత్తటి పెన్సిళ్లు ఉంటయి, అవి అయితే నయం. చాబీ రెండు దిక్కుల పళ్ల మీద రుద్దితే చాలు, గీకి పొడి చేసుడు అక్కరలేదు. ఎప్పటికీ అదే వాడుడు మాత్రం వద్దు.

వైరింగ్_కాజీపేట

ఒక చిన్న భేదాభిప్రాయం. పూర్తిగా కడిగిన లాకుకు గ్రాఫైట్ మంచిదే. నూనె పూర్తిగా పోయిందన్న నమ్మకం లేకపోతే మాత్రం గ్రాఫైట్ వేయకండి, నూనెతో కలిసి నల్లటి ముద్ద అవుతుంది, ఉన్నదానికన్నా ఘోరం. అలాంటి లాకుకు పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) ఉన్న డ్రై స్ప్రే మేలు. ద్రవం ఆరిపోయి పలచటి పొడి పొర మిగులుతుంది, అది కరెంటు పారనిది కాబట్టి స్విచ్‌కూ భయం లేదు. గ్రాఫైటో, పీటీఎఫ్ఈయో ఒకటే ఎంచుకోండి, ఒకదాని మీద ఇంకోటి వద్దు.

పెట్రోల్‌తో కడగాలని చూసేవాళ్లకు: వద్దు. మూసి ఉన్న కారు లోపల ఆవిరి నిలబడుతుంది, చాబీ రంధ్రం మూసే ప్లాస్టిక్ షట్టర్‌నూ తింటుంది. గ్యాస్‌నూనె అయితే కడుగుతుంది గానీ జిడ్డు పొర వదిలిపెడుతుంది, మళ్లీ మొదటికే వస్తారు.

హుజూరాబాద్_స్ప్లెండర్

ఇదే మాట మీద అడుగుతున్న. పాత హీరో హోండా స్ప్లెండర్. చాబీ ఆఫ్ చేసినా ఒక్కోసారి ఇంజిన్ బంద్ అయితలేదు. ఒక్కోసారి ఉల్టా, ఆన్ చేసి ఎంత కిక్ కొట్టినా అందుకోదు, చాబీ ఆడిస్తే అందుకుంటది. సిలిండర్ లోపమేనా?

వైరింగ్_కాజీపేట

దాదాపు కచ్చితంగా సిలిండర్ కింద వైర్లు కలిసే కాంటాక్ట్ ప్లేట్ లోపం. కారుకూ దీనికీ పని చేసే తీరులోనే తేడా ఉంది. కారులో చాబీ ఆన్ చేస్తే ఇగ్నిషన్‌కు కరెంటు పోతుంది, ఆఫ్ చేస్తే ఆగుతుంది. పాత స్ప్లెండర్, సీడీ 100 లాంటి బండ్లలో సీడీఐకి (స్పార్క్ పుట్టించే ఎలక్ట్రానిక్ డబ్బాకు) కరెంటు ఇంజిన్‌తో తిరిగే మాగ్నెట్ నుంచే వస్తుంది, బ్యాటరీతో పని లేదు. చాబీ ఆఫ్ చేసినప్పుడు స్విచ్ సీడీఐ వైరును ఎర్త్‌కు కలుపుతుంది, అలా స్పార్క్ చస్తుంది. అంటే ఆఫ్‌లో కాంటాక్ట్ సరిగా తగలకపోతే ఇంజిన్ ఆగదు. ఆన్‌లో ఆ కాంటాక్ట్ పూర్తిగా విడిపోకపోతే స్పార్క్ రాదు. మీరు చెప్పిన రెండూ ఒకే చోట కుదురుతున్నాయి.

స్విచ్ నుంచి నాలుగు వైర్లు వస్తాయి: ఎరుపు, నలుపు, నలుపు మీద తెల్ల గీత, ఆకుపచ్చ. హెడ్‌లైట్ డూమ్ లోపల కప్లర్ విప్పి, మల్టీమీటర్‌ను బీప్ మీద పెట్టి స్విచ్ వైపు పిన్నులు చూడండి. ఆఫ్‌లో నలుపు-తెలుపుకూ ఆకుపచ్చకూ మధ్య బీప్ రావాలి, ఎరుపుకూ నలుపుకూ మధ్య రావద్దు. ఆన్‌లో సరిగ్గా తలకిందులు. చాబీని ఆ స్థానంలోనే మెల్లగా ఆడిస్తూ చూడండి. బీప్ తెగుతూ వస్తూ ఉంటే కాంటాక్ట్ ప్లేట్ అరిగింది.

హ్యాండిల్ తిప్పినప్పుడు మాత్రమే ఇంజిన్ ఆగుతుంటే అది వేరే లోపం. మెడ దగ్గర వైర్లు వేల సార్లు వంగి లోపల రాగి తెగుతుంది, పైన తొడుగు బాగానే కనిపిస్తుంది. బీప్ మీద పెట్టి హ్యాండిల్‌ను ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పితే బయటపడుతుంది. నీళ్ల ప్రెషర్‌తో బండి కడిగేటప్పుడు చాబీ రంధ్రం మీదికి నేరుగా కొట్టకుండా చూసుకోండి. ప్లేట్ కింద చేరిన నీళ్లు పచ్చటి చిలుము పట్టిస్తాయి.

గోదావరిఖని_వైఫర్

800 సంగతికి వస్త. పాత బండ్లల ఎనుక స్విచ్ ఎందుకు మాడుతదో చూసుకోకుంటే కొత్తది వేసినా అదే గతి. సెల్ఫ్ మోటార్ మీది సోలినాయిడ్ (పినియన్‌ను నెట్టి మోటార్‌కు కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్) లాగే కరెంటు మొత్తం ఈ చిన్న స్విచ్ నుంచే పోతది. లాగే క్షణంల 20 ఆంపియర్లు దాటొచ్చు. వైరు పాతబడి చివర్లు తుప్పు పడితే సోలినాయిడ్ ఒక్కసారి లాగదు, టక్ టక్ మని కొట్టుకుంటది, కొట్టుకున్న ప్రతిసారి స్విచ్‌ల నిప్పురవ్వ లేస్తది.

కొత్త స్విచ్ బిగించినంక ఇది కొలువుండ్రి. గేర్ న్యూట్రల్, హ్యాండ్‌బ్రేక్ గుంజి ఉండాలె. మల్టీమీటర్ 20 వోల్టుల డీసీ మీద పెట్టి ఎర్ర ముల్లు బ్యాటరీ ప్లస్ మీద, నల్ల ముల్లు సోలినాయిడ్ మీది సన్న వైరు టెర్మినల్ మీద ఆనించాలె. సెల్ఫ్ కొట్టకముందు మీటర్ 12 చూపిస్తది, అది మామూలే. ఇంకొకరు సెల్ఫ్ కొట్టినప్పుడు ఎంత చూపిస్తే అంత వోల్టేజ్ దారిల పోతున్నట్టు. అర వోల్ట్ లోపు ఉంటే దారి సాఫున్నది. ఒక వోల్ట్ దాటితే చివర్లు, కప్లర్లు, స్విచ్ వరుసగ చూసుకోవాలె.

రిలే (చిన్న కరెంటుతోటి పెద్ద కరెంటును కలిపే స్విచ్) పెట్టుకుంటే స్విచ్‌కు జీవితాంతం బరువు తగ్గుతది. నాలుగు కాళ్ల 12 వోల్టుల రిలే, కనీసం 30 ఆంపియర్లది. 30 నంబర్ కాలుకు బ్యాటరీ ప్లస్ నుంచి వైరు, బ్యాటరీ దగ్గర్నే 30 ఆంపియర్ల ఫ్యూజ్. 87 నుంచి సోలినాయిడ్ సన్న టెర్మినల్‌కు. ఇంతకుముందు సోలినాయిడ్‌కు పోయే స్విచ్ వైరును తీసి 86కు. 85 బాడీ ఎర్త్‌కు, పెయింట్ గీకి బోల్ట్ కింద రింగ్ లగ్ తోటి. 30, 87 వైర్లు 4 చదరపు మిల్లీమీటర్లవి వేయుండ్రి, మిగతా రెండు సన్నవి చాలు. రిలే కాయిల్ గుంజేది ఆంపియర్‌ల ఐదో వంతు కూడ ఉండదు, స్విచ్ మీద పడేది ఇక అంతే. రిలేను కాళ్లు కిందికి వచ్చేటట్టు బిగియ్యాలె, అట్లయితే నీళ్లు దాంట్ల నిలబడయి.

హన్మకొండ_కార్బ్

స్విచ్ ముక్క విడిగ దొరికింది, వేసిన. చాబీ వదిలితే టక్కుమని ఆన్‌కు వస్తున్నది. కొలిస్తే 0.4 వోల్ట్ చూపిస్తున్నది, రిలే పని తర్వాత చేసుకుంట. సిలిండర్ కడిగిన, గుడ్డ తెల్లగ వచ్చేదాక. శాన నయమైంది గని లాక్ కాడ ఇంక కొంచెం పడుతున్నది. వాడని చాబీ పెట్టినా అంతే. అంటే రేకులే అరిగినయా?

తాళాల_పని

వాడని చాబీతోటి కూడ పడితే రేకులే. అయితే చాబీల గుత్తి చూసుకున్నరా? ఇంటి చాబీలు, బీరువా చాబీలు అన్ని ఒక్క రింగుకు తగిలిస్తే గతుకుల మీద ఆ బరువంత ఊగి చాబీని కిందికి గుంజుతనే ఉంటది. ఒక దిక్కు రేకులు ముందు అరుగుతయి. బండి చాబీ ఒక్కటే వేరే రింగుకు ఉండాలె.

రేకులు అరిగితే రెండు దారులు. మొదటిది, పాత సిలిండర్ తీసి అరిగిన రేకులు మాత్రమే మార్చుడు. రెండోది కొత్త లాక్ వేసుడు. బాడీ మొత్తం కొత్తది వేస్తే స్టీరింగ్‌కు పట్టిన తల తెగిన బోల్టులు తీయాలె, దానికి పని ఎక్కువ.

హన్మకొండ_కార్బ్

తల తెగిన బోల్టులు ఎట్ల తీస్తరు? స్పానర్ పెట్టే సందే కనిపిస్తలేదు.

భూపాలపల్లి_డీజిల్

అవి దొంగలకు పనికిరాకుండ చేసినవి. కంపెనీల బిగించేటప్పుడు తల తెగేదాక తిప్పుతరు, గుండ్రటి మొండెం మిగులుతది. కవర్లు తీసి, డ్యాష్‌బోర్డ్ కింద స్టీరింగ్ కాలమ్ పట్టే బోల్టులు విప్పి కాలమ్‌ను కొంచెం కిందికి దించుకుంటే చెయ్యి ఆడుతది. సెంటర్ పంచ్‌ను మొండెం నడిమిట్ల కాదు, అంచు దగ్గర ఏటవాలుగ పెట్టి, విప్పే దిక్కు చిన్న సుత్తెతోటి తట్టాలె. ముందు నిలువుగ ఒక దెబ్బ కొట్టి గుంట పడనిచ్చి, తర్వాత అదే గుంటల ఏటవాలుగ కొడితే పంచ్ జారదు. బిగుసుకుంటే మొండెం మీద ఆక్సా బ్లేడుతోటి గాడి కోసి చదును స్క్రూడ్రైవర్‌తోటి తిప్పాలె. ఆఖరికి 3 మిల్లీమీటర్ల బిట్టుతోటి నడిమిట్ల డ్రిల్ కొట్టి ఎక్స్‌ట్రాక్టర్ (తల లేని బోల్టును లోపట పట్టి విప్పే పనిముట్టు) వాడాలె.

సుత్తె దెబ్బ బోల్ట్ మీదనే పడాలె, కాలమ్ మీద కొట్టకుండ్రి. గుద్దుకున్నప్పుడు ముడుచుకునేటట్టు చేసిన కాలమ్‌లు ఉంటయి, ఆ గొట్టం వంగితే స్టీరింగ్ పట్టుడు మొదలైతది.

బాడీ తీసిన సందు చూసి కడ్డీని కోసేద్దాం, స్టీరింగ్ లాక్ తీసేద్దాం అనే సలహా వస్తది. కోసినంక మిగిలిన ముక్క నడిచే బండిల జారి గాడిల పడితే స్టీరింగ్ తిరగదు. ఆ పని అస్సలే వద్దు.

వైరింగ్_కాజీపేట

కొత్త బాడీ పెడితే బోల్టుల తలలు వెంటనే తెంచేయకండి. చేత్తో బిగించి, చాబీని అన్ని స్థానాలకూ తిప్పి చూడండి. 800లో చాబీని లోపలికి నొక్కి తిప్పితేనే లాక్ దాకా వెళ్లాలి. నొక్కకుండానే పోతుంటే ఆ లాక్ తీసి షాపులో మార్చుకోండి, నడిచే బండిలో చాబీ పొరపాటున లాక్‌కు పోకుండా ఆపేది అదే. చాబీ తీసి స్టీరింగ్‌ను మెల్లగా తిప్పండి, కడ్డీ గాడిలో పడే చప్పుడు వినిపించి స్టీరింగ్ ఆగిపోవాలి. చాబీ ఆన్‌లో పెట్టి ఆ చివర నుంచి ఈ చివర దాకా మళ్లీ తిప్పండి, ఎక్కడా రాసుకోవద్దు. అంతా కుదిరాకే తల తెగేదాకా బిగించండి. కాలమ్ బోల్టులు మళ్లీ బిగించడం మరిచిపోకండి.

హుజూరాబాద్_స్ప్లెండర్

కాజీపేట అన్న చెప్పినట్టె ఉన్నది. ఆఫ్‌ల బీప్ తెగుతూ వస్తున్నది, కాంటాక్ట్ ప్లేట్ మార్పిస్త. ఒక సందేహం, చాబీ లోపట ఇరిగితే ఏం చేయాలె?

తాళాల_పని

ముందుగాల ఫెవిక్విక్ పూసి అతికించే ఆలోచన మానుకోవాలె, ముక్కతో పాటు రేకులు కూడ అతుక్కుపోతయి, ఇక సిలిండర్ పోయినట్టే. చాబీ పెట్టి తీసే స్థానంల సిలిండర్ ఉంటేనే ముక్క బయటికి వస్తది. అది తప్పి ఉంటే చదును స్క్రూడ్రైవర్ కొసతోటి ఇరిగిన ముక్కనే మెల్లగ తిప్పి ఆ స్థానానికి తేవాలె. తర్వాత చెక్క కోసే సన్న రంపం బ్లేడు, పళ్లు మన దిక్కు వంగి ఉండేటట్టు, చాబీ అంచు వెంట దూర్చి కొంచెం మెలిపెట్టి గుంజాలె. రెండు దిక్కుల రెండు బ్లేడులు పెడితే ఇంక సులువు. దూర్చేముందు కాంటాక్ట్ క్లీనర్ ఒక్క చుక్క కొడితే ముక్క జారుతది.

హన్మకొండ_కార్బ్

రేకులు మార్చుడే మంచిగనిపిస్తున్నది, డోర్లకు ఇదే చాబీ నడవాలె. మనమే చేసుకోవచ్చునా, తాళాల షాపుకు ఇయ్యాల్నా?

తాళాల_పని

సిలిండర్ బయటికి తీసేదాక మీరు చేసుకోవచ్చు. కొన్ని లాకులకు బాడీ మీద చిన్న రంధ్రం ఉంటది, చాబీ సరైన స్థానంల పెట్టి సన్న పిన్ను నొక్కితే సిలిండర్ జారి వస్తది. అసుంటిది లేకుంటే బాడీతోటి సహా షాపుకు తీస్కపోవుడే నయం.

సిలిండర్ తీసేటప్పుడు చాబీ దాంట్లనే ఉండాలె. చాబీ లేకుండ గుంజితే రేకులు బయటికి తేలి బాడీ గాడిల ఇరుక్కుంటయి, స్ప్రింగులు ఎగిరిపోతయి. పెద్ద ప్లాస్టిక్ కవర్ లోపట చేతులు పెట్టి పని చేస్తే ఎగిరినవి అండ్లనే ఉంటయి. తెల్ల కాగితం మీద ఒకటి, రెండు, మూడు అని రాసుకోని, ముందు దిక్కు నుంచి తీసిన రేకును తీసిన వరుసలనే పెట్టాలె, అది ఏ దిక్కుకు తిరిగి ఉన్నదో బాణం గీసుకోవాలె. చాలా రేకుల మీద సన్నగ నంబర్ కొట్టి ఉంటది, అదే ఎత్తు గుర్తు. వాడని చాబీ పెట్టినప్పుడు ఏ రేకు సిలిండర్ అంచు కన్న పైకో కిందికో ఉన్నదో వేలి గోరుతోటి రాసి చూస్తే తగులుతది. తగిలినవాటినే అదే నంబర్ కొత్త రేకులతోటి మార్పియ్యాలె. పైకి తేలిన రేకును ఆకురాయితోటి రాసి సమానం చేస్తరు కొందరు, అట్ల చేస్తే వేరే చాబీకి కూడ లాక్ తెరుచుకుంటది. షాపుల మీ ముందటనే చేయమనుండ్రి, ఎక్కించినంక బాడీల పెట్టకముందు వాడని చాబీతోటి, రోజు చాబీతోటి, రెండింటితోటి గోరు రాసి చూడుండ్రి.